కొట్టేసిన కాగితం కూడా పంపు

బుజ్జీ,

అమెరికా గాయకుడు బిల్లీ జోయెల్ పాట 'వుయ్ డిడింట్ స్టార్ట్ ద ఫైర్'కి నువ్వు ఇప్పటి సంగతులతో కొత్త చరణాలు రాస్తున్నావని మీ నాన్న నిన్న ఫోన్లో చెప్పాడు. తెగ సంతోషమేసింది, ఆ వెనకే టెన్షన్ కూడా పట్టుకుంది. క్యాసెట్ అరిగేదాకా ఆ పాట విన్నదాన్ని, కాబట్టి విసుక్కోకుండా చదువు.

చిన్నవి ముందు చెప్పేస్తాను. తారీఖులు రెండు చోట్ల సరిచూసుకో. బాణీ ఆయనది, మాటలు మార్చి బయట పెట్టాలంటే అనుమతి కావాలి. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో గుర్తు పెట్టుకో, లేకపోతే రెండో చరణానికే ఆయాసం వస్తుంది.

వరస మాత్రం తప్పకు. ఆయన తను పుట్టిన 1949 నుంచి 1989 దాకా వార్తల్లోకెక్కిన పేర్లనీ సంఘటనలనీ దాదాపు కాలక్రమంలోనే పేర్చాడు. 2023లో ఫాల్ అవుట్ బాయ్ అనే బ్యాండు వాళ్లు తర్వాతి ఏళ్లకి పాట కట్టి ఆ వరస వదిలేశారు, కోవిడ్ ఊసే ఎత్తలేదు, జనం ఊరుకుంటారా మరి! అలాగని ఆయన పాటలో అన్నీ ఉన్నాయనుకోకు. 1963లో కెనెడీ హత్య దగ్గరికొచ్చేసరికే చాలావరకు అయిపోతుంది, మిగతా పాతికేళ్లూ ఆఖరి చరణంలో కుక్కేశాడు. 1984 భోపాల్ గ్యాస్ దుర్ఘటన అందులో లేదు. అన్నిసార్లు విని కూడా ఆ సంగతి నాకు చాలా ఏళ్లు తట్టలేదు.

తట్టి ఉంటే 1999 డిసెంబరులో ఆ పని చేసేదాన్ని కాదేమో. అప్పుడు మా ఆఫీసంతా వైటూకే పనే. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉండేవి కదా, 2000 రాగానే 00 అంటే కంప్యూటరు 1900 అనుకుంటుందని భయం. ఏడాది చివరి పార్టీకి నేనూ ఓ పాట కట్టాను. అసలు పాట 1989 సెప్టెంబరులో వచ్చింది, బెర్లిన్ గోడ నవంబరులో కూలింది, అంచేత మొదలు తేలిగ్గానే దొరికింది. ముగింపు మాత్రం వైటూకేతోనే ఉండాలని పట్టుబట్టాను, మా చెమట మరి! దానికి చోటు చాలక ఒక లైను కొట్టేశాను. అక్టోబరు 29న ఒడిశాని ముంచేసిన సూపర్ సైక్లోన్. 10 వేల మంది దాకా పోయారు, అప్పటికి రెండు నెలలు. "తాళంలో పట్టట్లేదు, తీసేద్దాం" అన్నాను.

డ్రమ్స్ వాయించే అబ్బాయిది ఆ తీరమే. నా పక్కనే నిలబడి ఉన్నాడు. "అయితే ఇక్కడ రెండు దెబ్బలు తగ్గించనా?" అని మాత్రం అడిగాడు. తగ్గించమన్నాను.

చప్పట్లు బాగానే పడ్డాయి. జనవరి 1న మేం భయపడ్డట్టు ఏమీ ఆగిపోలేదు, నా గొప్ప ముగింపు మధ్యాహ్నానికే పాతబడింది. దానికి నవ్వుకుంటాను, ఫర్వాలేదు. ఆ అబ్బాయి కొన్ని నెలలకి ఉద్యోగం మారిపోయాడు, వాళ్లింట్లో అందరూ క్షేమమేనా అని నేను ఒక్కసారి కూడా అడగలేదు. ఆ లైను తాళంలో పట్టకపోవడం కూడా అబద్ధమే, బద్ధకం. ఇంకో పది నిమిషాలు కూర్చుంటే పట్టేది.

ఈ వారం ఫోన్లో మోగిపోతున్న వార్తతో పాట ముగించకు. రాసింది నాకు పంపు, కొట్టేసిన కాగితం కూడా పంపు, ముందు అదే చూస్తాను. ఇంకా, రాత్రి రెండింటిదాకా మేలుకుంటున్నావట, మీ నాన్న అదీ చెప్పాడు. పడుకోవే తల్లీ.

మీ అత్త