ఐస్‌లాండ్ వరల్డ్ కప్‌కి ఎలా వెళ్లింది: మావాడి కోచ్ జేబులో కాగితం

ప్రశ్న: మూడున్నర లక్షల జనాభా ఉన్న ఐస్‌లాండ్ 2018లో ఫుట్‌బాల్ వరల్డ్ కప్ ఆడింది. 140 కోట్ల మనం ఎందుకు ఆడలేకపోతున్నాం? వాళ్లు ఏం చేశారు?

2015 నుంచి 2019 దాకా నేను ఐస్‌లాండ్‌లో ఉద్యోగం చేశాను. రాజధాని రేక్యవిక్‌ని ఆనుకుని కోపవోగుర్ అనే ఊరుంది, అక్కడ కాపురం. మావాడు ఆ ఊరి క్లబ్ బ్రైదాబ్లిక్‌లో నాలుగు చలికాలాలు ఆడాడు. అందుకే ఈ ప్రశ్న చూశాక చేతులు ఊరుకోలేదు.

ఈ మాట ఎక్కడ వచ్చినా ఎవరో ఒకాయన "అది వైకింగ్ రక్తం సార్" అంటాడు. ఆ రక్తం అక్కడ వెయ్యేళ్లకు పైగా ఉంది. 2012లో ఫిఫా ర్యాంకుల్లో 131వ స్థానానికి జారినప్పుడు కూడా అదే రక్తం. ఇంకొకాయన "చిన్న దేశం కదా, చేయడం తేలిక" అంటాడు. మన రాజమండ్రి జనాభా 2011 లెక్కల్లోనే 3.4 లక్షలు. అంత తేలికైతే రాజమండ్రి పిల్లలతోనే ఒక జట్టు కట్టి అర్జెంటీనా మీద డ్రా చేయించమనండి.

నాకు జవాబు దొరికింది 2016 జనవరిలో, ఒక సాయంత్రం.

మావాడికి అప్పుడు ఆరు నిండి ఏడు నడుస్తోంది. నాలుగింటికి ప్రాక్టీసు. జనవరి మొదట్లో అక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది. ఆ రోజు గాలి ఎలా ఉందంటే, కారు తలుపు రెండు చేతులతో బిగబట్టుకుని తెరవాలి. వదిలామా, గాలి దాన్ని వెనక్కి విరిచేస్తుంది. (వెళ్లిన మొదటి నెలలోనే ఒక తలుపు పోగొట్టుకున్నాను. ఆ బిల్లు గురించి మా ఆవిడ ఇప్పటికీ చుట్టాల ముందు చెబుతుంది.) ఈ గాలిలో ప్రాక్టీసేమిటి, లేదంటారులే అనుకుంటూనే తీసుకెళ్లాను. మా ఆవిడ వాడికి రెండు స్వెట్టర్లు వేసి, మంకీ క్యాప్ పెట్టి పంపింది.

మా ఊళ్లో ఫీఫన్ అని ఒక హాలు ఉండేది. 2002లో తెరిచారు. హాలంటే షటిల్ ఆడుకునే హాలు అనుకునేరు. పూర్తి సైజు ఫుట్‌బాల్ గ్రౌండ్ మొత్తానికి కప్పు వేసేశారు. బయట గాలి ఊళలు పెడుతోంది. లోపల పచ్చటి ఆర్టిఫిషియల్ గడ్డి మీద అరవై మంది పిల్లలు నిక్కర్లతో గంతులేస్తున్నారు. వాళ్ల మధ్యలో మంకీ క్యాప్‌తో మావాడు, మార్కెట్లో తప్పిపోయిన పిల్లాడిలా.

అరవై మందికి ఐదుగురు కోచ్‌లు. మావాడి గుంపును చూసేది ఒక అమ్మాయి, ఇరవై నాలుగు, ఇరవై అయిదు ఏళ్లు ఉంటాయేమో. పొద్దున పూట చిన్నపిల్లల బడిలో పనిచేస్తుందట, సాయంత్రం ఇది. నేను కాలేజీ రోజుల్లో సికింద్రాబాద్‌లో హాఫ్‌బ్యాక్ ఆడినవాణ్ణి. ఆ గర్వం కొంచెం ఉంది. ఈ అమ్మాయికి ఏం తెలుసులే అన్నట్టు చేతులు కట్టుకుని గీత పక్కన నిలబడ్డాను.

చిన్న ఆట పెట్టారు, నలుగురు ఇటు, నలుగురు అటు. ఎలా వచ్చిందో బంతి మావాడి కాళ్ల దగ్గరికి వచ్చింది. ఎదురుగా గోల్ ఖాళీ. నాకు ఒళ్లు తెలియలేదు. "కొట్టరా! కుడి కాలితో కొట్టు! కొట్టూ!" అని హాలంతా దద్దరిల్లేలా అరిచాను. వాడు నా వైపు చూశాడు, కోచ్ వైపు చూశాడు, బంతి వైపు చూశాడు. ఈలోగా ఇంకో బుడ్డోడు వచ్చి బంతి పట్టుకుపోయాడు.

ఆ అమ్మాయి నా దగ్గరికి వచ్చింది. తిడుతుందనుకున్నాను. "ఏమని అరిచారు?" అని ఇంగ్లీషులో అడిగింది. చెప్పాను. జాకెట్ జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన కాగితం తీసి చూపించింది. ఆ భాష నాకు రాదు, తనే వేలు పెట్టి చదివి చెప్పింది. ఈ నెలంతా ఎడమ కాలు. ఈ వారం ఎడమ కాలితో పక్కవాడికి ఇవ్వడం. వచ్చే వారం ఇచ్చే ముందు తలెత్తి చూడటం. "నేను ఎడమ అంటున్నాను, మీరు కుడి అంటున్నారు. వాడు ఎవరి మాట వినాలి?" అంది. గొంతు పెంచలేదు. నవ్వుతూనే అంది. అందుకే ఎక్కువ తగిలింది.

పరువు నిలుపుకోవడానికి అడిగాను, "ఇంతకీ మావాడు ఎలా ఆడుతున్నాడు?" అని. "మార్చిలో అడగండి" అని వెళ్లిపోయింది.

మార్చిలో నిజంగానే అడిగాను. ఎడమ కాలితో ఇవ్వడం వచ్చింది, ఎత్తుగా వచ్చే బంతికి కళ్లు మూసుకుంటున్నాడు, ఏప్రిల్‌లో దాని మీద పని చేద్దాం అంది. అరవై మందిలో మావాడు ఆటలో బాగా వెనకబడ్డవాడు. వాడి గురించి ఇంత తెలుసు ఆ పిల్లకు. ఆ మంకీ క్యాప్ మాత్రం రెండో రోజే తీయించేసింది.

కాగితం చూసిన ఆ జనవరి రాత్రే నాన్నకు ఫోన్ చేసి సంగతి చెప్పాను. నాన్న సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన మనిషి, చిన్నప్పుడు మ్యాచ్‌ల కోసం బడి ఎగ్గొట్టిన రకం. అంతా విని, "అరే, ఇది మన రహీం సాబ్ పద్ధతే కదరా!" అన్నాడు. పాతకాలపు హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం కుర్రాళ్లు వాటం లేని కాలితో మాత్రమే ఆడాలని రూలు పెట్టి పోటీలు జరిపేవాడని, డ్రిబ్లింగ్ (బంతిని కాళ్లతో తోసుకుంటూ వెళ్లడం) చేయకుండా ఆడే పోటీలు కూడా పెట్టేవాడని నాన్న ఎప్పుడూ చెప్పేవాడు. నేను ముసలివాళ్ల కబుర్లు అని కొట్టిపారేసేవాణ్ణి. రహీం సాబ్ అసలు స్కూలు టీచర్. ఆయన చేతిలో పెరిగిన హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్ ఎత్తుకొచ్చింది. ఆయన కోచ్‌గా ఉండగా మన దేశం 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962లో జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి ఆసియా క్రీడల బంగారు పతకం తెచ్చింది. మన సికింద్రాబాద్ తులసీదాస్ బలరాం ఆ రెండు జట్లలోనూ ఉన్నాడు. 1963లో రహీం సాబ్ క్యాన్సర్‌తో పోయాడు. ఆసియా క్రీడల్లో మనకు ఫుట్‌బాల్ బంగారం మళ్లీ రాలేదు. ఆయన దగ్గరా ఒక కాగితం ఉండేది. కాకపోతే దానికి రెండో కాపీ లేదు.

ఐస్‌లాండ్ వాళ్లు చేసిందల్లా కాపీలు తీయడమే. ఇది నా థియరీ, ఎవరు కాదన్నా మార్చుకోను.

అదెలా చేశారో చెబుతాను. మొదట చలి సమస్య. ఏడాదిలో సగం రోజులు బయట ఆడలేని దేశం. పూర్తి సైజు ఇండోర్ హాలు మొదటిది 2000లో కెఫ్లావిక్ దగ్గర వచ్చింది. తర్వాత ఒక్కో ఊరూ కట్టుకుంటూ పోయింది. డబ్బు ఎక్కువగా మునిసిపాలిటీలదే. 2004 నుంచి బడుల పక్కన చిన్న చిన్న ఆర్టిఫిషియల్ గ్రౌండ్లు, వందకు పైగా వేశారు. భూమిలోంచి వచ్చే వేడినీళ్లను కొన్నింటి అడుగున పైపుల్లో తిప్పి మంచు కరిగిస్తారు. మా ఇంటి పక్క బడి గ్రౌండుకు గేటు లేదు, తాళం లేదు, వాచ్‌మన్ లేడు. రాత్రి తొమ్మిదింటికి కూడా పిల్లలు ఆడుకుంటూ కనిపించేవారు.

అందరూ హాళ్ల గురించే రాస్తారు. నా దృష్టిలో అది సగం కథ కూడా కాదు. హాళ్లు కట్టడం మనకూ వచ్చు, రిబ్బన్ కత్తిరించడం ఇంకా బాగా వచ్చు. వాళ్ల ఫుట్‌బాల్ సంఘం అదే రోజుల్లో కోచ్‌ల చదువు మీద పడింది. యూఈఎఫ్ఏ బి లైసెన్స్ అంటే యూరప్ ఫుట్‌బాల్ సమాఖ్య కోచ్‌లకు ఇచ్చే సర్టిఫికెట్టు. అక్కడ 2016 నాటికి అది ఉన్నవాళ్లు సుమారు 600 మంది. అంటే దాదాపు అయిదువందల మందికి ఒకరు. ఆరేళ్ల పిల్లలకు నేర్పేవాళ్లు కూడా కోర్సు చేసి ఉంటారు, జీతం తీసుకుంటారు. "సేవ" అని ఊరికే చేయించుకోరు. ఫీజు మనమూ కడతాం, కొంత మునిసిపాలిటీ ఇస్తుంది.

ఇక ఓపిక సంగతి. హాళ్లు మొదలైంది 2000లో. 131వ ర్యాంకు వచ్చింది 2012లో. పన్నెండేళ్లు డబ్బు పోసి, అట్టడుగుకు! మన దగ్గరైతే ఈపాటికి మూడు కమిటీలు వేసి, ఇద్దరు కోచ్‌లను మార్చి, హాలును ఫంక్షన్ హాలుగా అద్దెకిచ్చేవాళ్లు. వాళ్లు కదల్లేదు. ఎందుకంటే లోపల ఏం ఉడుకుతోందో వాళ్లకు తెలుసు. హాళ్లలో పెరిగిన కుర్రాళ్లు 2010లో అండర్-21 పోటీల్లో జర్మనీ మీద 4-1తో గెలిచి, 2011 అండర్-21 యూరోకి (యూరప్ దేశాల కప్పు) వెళ్లారు. వాళ్లే పెద్దయి 2013 నవంబరులో వరల్డ్ కప్‌కి చివరి అర్హత పోటీ అయిన ప్లేఆఫ్ దాకా వచ్చి క్రొయేషియా చేతిలో ఓడారు. వాళ్లే 2016 యూరోలో, ఫ్రాన్స్‌లోని నీస్‌లో ఇంగ్లాండ్‌ను 2-1తో ఇంటికి పంపారు. ఆ జట్టు తిరిగొచ్చిన రోజు రేక్యవిక్‌లో ఆర్నార్‌హోల్ గుట్ట దగ్గర మేమూ నిలబడి చేతులు పైకెత్తి "హూ" కొట్టాం. మా ఆవిడకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో ఈ రోజుకీ తెలియదు, గొంతు మాత్రం రెండు రోజులు పోయింది. ఆ తర్వాత 2018లో మాస్కోలో అర్జెంటీనాతో 1-1. ఆ గోల్ వేసిన ఆల్‌ఫ్రెడ్ ఫిన్‌బొగాసన్ మా బ్రైదాబ్లిక్‌కి ఆడినవాడే. మెస్సీ పెనాల్టీ ఆపిన హానెస్ హాల్‌డోర్సన్ వీడియోలు తీసే డైరెక్టర్.

ఆ డైరెక్టర్ కథ, కోచ్ హేమిర్ హాల్‌గ్రిమ్సన్ పళ్ల డాక్టర్ అన్న కథ ప్రపంచమంతా రాసుకుంది. నాకు ఒళ్లు మండేది అక్కడే. ఏదో పళ్లు పీకుతూ పీకుతూ ఓ రోజు టీమ్‌కి కోచ్ అయిపోయినట్టు రాస్తారు. ఆయన తన వెస్ట్‌మన్ దీవుల్లో అమ్మాయిల జట్టు నుంచి మొదలుపెట్టి ఏళ్ల తరబడి కోచింగ్ చేసినవాడు. జాతీయ జట్టులో కూడా లార్స్ లాగర్‌బ్యాక్ అనే స్వీడన్ పెద్దాయన పక్కన కూర్చుని నేర్చుకున్నాకే పగ్గాలు ఒంటిచేత్తో పట్టుకున్నాడు. ఇంకో అన్యాయం, అమ్మాయిల గురించి ఎవరూ మాట్లాడరు. మగవాళ్లకంటే ఏడేళ్ల ముందు, 2009లోనే ఐస్‌లాండ్ అమ్మాయిలు యూరో ఆడారు. 2013లో క్వార్టర్ ఫైనల్ చేరారు. ప్లాన్ పనిచేస్తోందని మొదట చూపించింది వాళ్లు.

ఇంత చెప్పి ఇది దాచకూడదు: ఆ బ్యాచ్‌కి వయసు మీదపడ్డాక మగవాళ్ల జట్టు మళ్లీ ఏ పెద్ద టోర్నీకీ వెళ్లలేదు. ఆ జట్టు స్టార్ గిల్ఫీ సిగుర్డ్‌సన్ లాంటివాడు ఏటా పుట్టడు. పైగా అతనూ పదహారేళ్లకే ఇంగ్లాండ్‌లోని రెడింగ్ క్లబ్‌కి వెళ్లి మెరుగుపడ్డాడు. 2025 నవంబరులో క్యురసావ్ అనే బుల్లి దీవి, జనాభా లక్షన్నర, వరల్డ్ కప్‌కి క్వాలిఫై అయి, అక్కడికి చేరిన అతి తక్కువ జనాభా దేశమన్న ఐస్‌లాండ్ రికార్డును కూడా కొట్టేసింది. కానీ వాళ్ల ఆటగాళ్లు దాదాపు అందరూ నెదర్లాండ్స్‌లో పుట్టి పెరిగినవాళ్లు. ఆ దారి మనకు పనికిరాదు. అమెరికాలో మనవాళ్లు లక్షల్లో ఉన్నారు, పిల్లల్ని స్పెల్లింగ్ బీలకు తయారుచేస్తున్నారు.

2019లో హైదరాబాద్ తిరిగొచ్చాక మావాణ్ణి ఒక అకాడమీలో చేర్చబోయాను. పేరెందుకులెండి. మొదటి రోజే "సెలక్షన్" అన్నారు. యాభై మంది పిల్లలు వస్తే ఇరవై మందిని ఉంచుకుని మిగతావాళ్లను ఇంటికి పంపేశారు. పదేళ్ల పిల్లలండీ! ఉన్నవాళ్లకు రెండు జతల జెర్సీ, బ్యాగు, కిట్ కలిపి బిల్లు ముందే ఇచ్చారు. కోచ్ మావాణ్ణి చూసి "ఏ పొజిషన్?" అన్నాడు. వాడు తెల్లమొహం వేశాడు, అక్కడ ఆ వయసులో అన్ని చోట్లా ఆడిస్తారు మరి. మూడు నెలల్లో ముగ్గురు కోచ్‌లు మారారు. బడిలో సంగతి సరే, వారానికి రెండు పీటీ పీరియడ్లు, ఒకటి లెక్కల సార్ తీసుకుంటాడు, రెండోది సైన్స్ మేడమ్.

కాబట్టి ఈ ప్రశ్న అడిగినవారు పిల్లాణ్ణి ఎక్కడన్నా చేర్పించే ఆలోచనలో ఉంటే, గడ్డి చూడకండి, ఫ్లడ్ లైట్లు చూడకండి. నేర్పే మనిషిని పక్కకు పిలిచి "ఈ నెల ఏం నేర్పుతున్నారు?" అని అడగండి. జేబులోకి చెయ్యి పెడితే చేర్పించండి. "టోర్నమెంట్ ఉంది సార్, గెలవాలి" అంటే బండి వెనక్కి తిప్పండి.

మావాడి గురించి అడుగుతారని ఇప్పుడే చెప్పేస్తున్నా. వాడిప్పుడు ఫుట్‌బాల్ ఆడటం లేదు. ఇంటర్. పొద్దున ఆరింటికి కోచింగ్, సాయంత్రం మళ్లీ కోచింగ్. ఐఐటీ కోచింగ్. అక్కడినుంచి తెచ్చిన బంతి బాల్కనీలో ఉంది. నాన్న నెలకోసారి దానికి గాలి కొట్టిస్తుంటాడు.