మత్తు తిరగబడే పిల్లాడికి ఆపరేషన్: ముందే చూసుకోవాల్సినవి

చి.ల.సౌ. సుజాతకు,

పెద్దమ్మ ఆశీస్సులు. చిన్నాడికి టాన్సిల్స్ ఆపరేషన్ ఖాయమైందన్నావు. పోయినేడు ఎమ్మారైకి నిద్ర మందు తాగిస్తే పడుకోకపోగా గంటసేపు అందర్నీ తన్నాడు కదా, వాడికి అసలు మత్తే ఎక్కదేమో, ఆపరేషన్ మధ్యలో లేచిపోతాడేమో అని నీ బెంగ. ముందు ఆ బెంగ వదిలెయ్. తాగించే మందుతో వచ్చే మగత వేరు, థియేటర్లో ఇచ్చే పూర్తి మత్తు వేరు. మగత మందు తిరగబడ్డ, అంటే నిద్ర రాకపోగా ఇంకా రెచ్చిపోయిన పిల్లలు కూడా సెవోఫ్లూరేన్ గ్యాస్‌కీ, ప్రొపోఫాల్ ఇంజెక్షన్‌కీ నిద్రపోతారు. మత్తు డాక్టరు పక్కనే నిలబడి గుండె, బీపీ, ఊపిరి చూసుకుంటూ మందు పెంచుతూ తగ్గిస్తూ ఉంటారు. సిరప్‌కి ఆ వీలు లేదు, ఒకసారి గొంతు దిగితే దిగినట్టే.

తిరగబడే మగత మందులు ముఖ్యంగా మిడజోలం, ఫెనర్గాన్. పెడిక్లోరిల్ అనే నిద్ర సిరప్‌తోనూ అప్పుడప్పుడు అవుతుంది. మీవాడిలా ఏడీహెచ్‌డీ (నిలకడ లేని అతిచురుకుతనం) ఉన్న ప్రతి పిల్లాడికీ ఇలా కాదు, అది లేని పిల్లలకీ ముసలివాళ్లకీ కూడా అవుతుంది. కాబట్టి జబ్బు పేరు చెప్పి ఊరుకుంటే చాలదు, మీవాడికి ఏ మందుతో ఏం జరిగిందో చెప్పాలి. మందు చాలకపోవడం వేరు, తిరగబడటం వేరు. చాలకపోతే పిల్లాడు తన మామూలు అల్లరిలోనే ఉంటాడు, నువ్వు పిలిస్తే పలుకుతాడు. తిరగబడితే వాడు వాడిలా ఉండడు. ఊరడించినా ఆగని ఏడుపు, పొంతన లేని వాగుడు, చేతి సూది పీకెయ్యడం, నీ గొంతు విన్నా గుర్తుపట్టనట్టు చూడటం.

ఇక్కడే పెద్ద పొరపాటు జరుగుతుంది. "ఇంకో రెండు ఎంఎల్ పోస్తే పడుకుంటాడు" అంటారు. తిరగబడ్డ మందునే మళ్లీ పోస్తే గొడవ ముదురుతుంది. తర్వాత రెండు డోసులూ కలిసి ఒకేసారి పనిచేసి, ఇంటికెళ్లే దారిలో కారులో గాఢనిద్ర పడుతుంది. తల ముందుకు వాలి గడ్డం ఛాతీకి ఆనితే ఊపిరి దారి మూసుకుంటుంది. పెడిక్లోరిల్ ప్రభావం చాలా గంటలు ఉంటుంది కూడా. అందుకని రెండో డోసు మాట వచ్చినప్పుడు "ఇదే మందా, వేరేదా?" అని అడుగు. ఇదే అయితే మత్తు డాక్టర్ని పిలిపించమను. మిడజోలానికి విరుగుడు ఫ్లూమజెనిల్ ఉంది గానీ, ఫిట్స్ వచ్చిన పిల్లాడికి అది జాగ్రత్తగా వాడాలి, ఆ సంగతి ముందే చెప్పాలి.

పీఏసీకి, అంటే ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు చేసే పరీక్షకి వెళ్లేటప్పుడు కాగితం మీద నాలుగు ముక్కలు రాసుకెళ్లు: మందు పేరు, ఎన్ని ఎంఎల్, అప్పటి బరువు, ఎన్ని నిమిషాలకి ఏం చేశాడు. పేరు గుర్తులేకపోతే పాత డిశ్చార్జి కాగితాల్లో వెతుకు, లేదా ఎమ్మారై తీసినచోట రికార్డు అడుగు. థియేటర్‌కి ముందు మిడజోలం తాగించడం మామూలు. కిలోకి అర మిల్లీగ్రాము లెక్కన, 22 కిలోల మీవాడికి 11 మిల్లీగ్రాములు. నీ కాగితం చూస్తే వాళ్లు దాన్ని మాని, డెక్స్‌మెడిటోమిడిన్ అనే వేరే మగత మందు ముక్కులో వెయ్యొచ్చు. అది పనిచెయ్యడానికి అరగంటైనా పడుతుంది, గుండె వేగం కాస్త తగ్గుతుంది, నిద్ర మాత్రం మామూలు నిద్రలాగే ఉంటుంది. లేదా ఏ మందూ లేకుండా, నిన్ను లోపలికి రానిచ్చి, ఫోన్లో వాడికిష్టమైన వీడియో పెట్టి మాస్క్ పెడతారు. నా ఓటు దీనికే. సూదంటే భయమైతే గంట ముందు చేతి వెనక చర్మాన్ని మొద్దుబార్చే ప్రిలాక్స్ క్రీమ్ మందంగా రాసి, పైన ప్లాస్టిక్ కాగితం అంటించాలి. పది నిమిషాల ముందు రాస్తే తెల్లగా కనబడుతుందంతే, మొద్దుబారదు.

ఏడీహెచ్‌డీకి వాడు వేసుకునే ఇన్‌స్పిరల్ మాత్ర ఆ పొద్దున వెయ్యాలా మానాలా అన్నది మత్తు డాక్టరు చెబుతారు. కొందరు గుక్కెడు నీళ్లతో వేసేయమంటారు, కొందరు ఆపమంటారు. ఒక్కరోజు ఆపితే అల్లరి పెరుగుతుంది తప్ప ప్రమాదం లేదు. వేసుకుంటున్న సంగతి దాచడమే ప్రమాదం, ఇన్‌స్పిరల్ బీపీనీ గుండె వేగాన్నీ పెంచే మందు. రాత్రి నిద్రకి అర్కామిన్ (క్లోనిడిన్, బీపీ తగ్గించే మందు) కూడా ఇస్తున్నావేమో, దాన్ని నీ అంతట నువ్వు ఒక్కసారిగా ఆపకు, బీపీ ఎగదన్నుతుంది.

పరగడుపు లెక్క: అన్నం, ఇడ్లీ, పాలు అయితే 6 గంటలు, నూనె వంటలైతే 8, మంచినీళ్లు 2. పాలని నీళ్ల కింద లెక్కెయ్యకు. లిస్టులో మొదటి కేసుగా పెట్టమని గట్టిగా అడుగు. ఆకలితో మధ్యాహ్నం దాకా కూర్చోబెడితే ఏ పిల్లాడైనా తిరగబడతాడు, దానికి మందు అక్కర్లేదు.

మెలకువ వచ్చేటప్పుడు ఇంకో తంతు ఉండొచ్చు. సెవోఫ్లూరేన్ తర్వాత చిన్నపిల్లలు కళ్లు తెరిచే ఉన్నా నిన్ను గుర్తుపట్టక కొట్టుకుంటారు. పది నిమిషాల నుంచి అరగంటలో అణుగుతుంది. గట్టిగా పట్టి ఊపకు, పేరు పెట్టి అరవకు. చేతి సూది ఊడకుండా, తల మంచం కడ్డీకి తగలకుండా చూసి, నొప్పి మందు ఇచ్చారో లేదో అడుగు. నొప్పి వల్ల ఏడుస్తున్నాడా అన్నది ముందు తేలాలి.

డల్లాస్‌లో మీ తమ్ముడికి కొలనోస్కోపీ (పెద్దపేగు లోపల చూసే పరీక్ష) అన్నావు, దానికీ మగత మందు ఇస్తారు. వాడు ఏడీహెచ్‌డీకి వేసుకునే అడెరాల్ సంగతి, తాగుడు అలవాటుంటే అది, గంజాయి లాంటిది ఉంటే అదీ డాక్టర్ దగ్గర దాచొద్దు. గంజాయి రోజూ వాడేవాళ్లకి మగత మందు ఎక్కువ పడుతుంది. మీ అమ్మకి చెప్పక్కర్లేదు, డాక్టరుకి చెబితే చాలు.

ఇంటికొచ్చేటప్పుడు వెనక సీట్లో వాడి పక్కనే కూర్చో, తల నిటారుగా పట్టుకో. బండి మీద తీసుకురావద్దు. ఈసారి ఏ మందు ఎంత వాడారో డిశ్చార్జి కాగితంలో రాయించుకుని, ఫోన్లో ఫోటో తీసి పెట్టుకో.

ఆశీస్సులతో,
పెద్దమ్మ