ఒడ్డు నుంచి దిగే డైవింగ్ చోటును జనం తాకిడి నుంచి కాపాడుకోవడం ఎలా?

ప్రశ్న అడిగినవారు బరంపురం వారు. మిత్రులతో కలిసి సెలవుల్లో విశాఖ వెళ్లి, భీమిలి దారిలో ఒక రాళ్ల మలుపు దగ్గర ఒడ్డు నుంచే నడుచుకుంటూ నీళ్లలోకి దిగి, గాలి సిలిండర్లతో డైవింగ్ చేస్తారట. రెండేళ్లుగా అక్కడికి వచ్చేవారు బాగా పెరిగారని, రాళ్ల మీది జీవం కళ్లెదుటే తరిగిపోతోందని, బోర్డులు పెట్టాలా, అధికారులకు ఫిర్యాదు చేయాలా అని అడిగారు.

బోర్డు సంగతి తర్వాత. ముందు ఆ ఒడ్డున వలలు బాగుచేసుకునేవారి దగ్గరకు వెళ్లి కూర్చోండి. ఈ మాట ఎందుకు అంటున్నానో చెప్పాలంటే నా సంగతి కొంత చెప్పాలి.

మాది గంజాం జిల్లాలో ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోటికి దగ్గరి పల్లె. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. మా వాడలో ఎవరి ఇంటికి వెళ్లినా ముందు వల కనిపిస్తుంది, ఆ తర్వాతే మనిషి. డైవింగ్ మాత్రం విశాఖలో, ఋషికొండ దగ్గర నేర్చుకున్నాను. నాలుగేళ్లు అక్కడే సిలిండర్లు మోస్తూ, కొత్తవారిని నీళ్లలోకి దింపుతూ బతికాను. ఒక తీరంలో ఇంటివాడిని, మరో తీరంలో చుట్టపుచూపుగా వచ్చినవాడిని. మీరు అడిగినదానికి జవాబు నాకు ఈ రెండింటి మధ్యనే దొరికింది.

ఋషికుల్య ముఖద్వారం దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్లు గుంపులుగా వచ్చి గుడ్లు పెడతాయని శాస్త్రవేత్తలు గుర్తించింది 1994లో. అది పత్రికల్లోకి ఎక్కాక చూసేందుకు జనం రావడం మొదలైంది. ఒక్కో తల్లి సుమారు వంద గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో అదిమి వెళ్లిపోతుంది. పైన ఆనవాలు దొరకదు. తాబేలును చూద్దామని వచ్చినవారు నిలబడేది ఆ గుంటల మీదే. వాళ్లలో చెడ్డవారు లేరు, కాళ్ల కింద ఏముందో చెప్పేవారు లేరు, అంతే. 45 నుంచి 60 రోజులకు పిల్లలు రాత్రిపూట బయటికి వచ్చి, ఎటు వెలుతురు కనిపిస్తే అటు పాకుతాయి. చీకట్లో నీటి మెరుపే వాటికి దారి. ఒడ్డున దీపాలు ఉంటే సముద్రానికి వీపు పెట్టి ఊరివైపు నడుస్తాయి. నా పన్నెండో ఏట అలా దారి తప్పిన పిల్లలను మా అన్నతో కలిసి బకెట్టులోకి ఏరాను. చీకట్లో వాటి రెక్కలు ప్లాస్టిక్ మీద గీరుకునే చప్పుడు వాన చినుకుల్లా వినిపించేది. నీటి అంచున బకెట్టు వంచగానే ఆ చప్పుడు ఆగిపోయేది.

ఆ తీరాన్ని కాపాడటానికి జరిగినవాటిలో కొన్ని మా వాడ మనసుకు ఎక్కాయి, కొన్ని ఎక్కలేదు. ఏటా నవంబర్ 1 నుంచి మే 31 వరకు, ఒడ్డు నుంచి 20 కిలోమీటర్ల లోపు వేట నిషేధం. ఎందుకో మాకు తెలుసు. ఊపిరి తీసుకోవడానికి పైకి రావలసిన ప్రాణి వలలో చిక్కితే మునిగి చస్తుంది. తాబేలు వలలో పడితే కూర్మావతారమని దండం పెట్టి వదిలిన పెద్దలు మా ఇంట్లోనే ఉన్నారు. అయినా, ఏడు నెలలు పొయ్యి ఎలా వెలగాలో ముందుగా మా గడపకు వచ్చి అడిగినవారు లేరన్న బాధ మా నాన్నకు ఇప్పటికీ ఉంది. ఊరి కుర్రవాళ్లను పిలిచి అప్పగించిన పనులు మాత్రం నిలిచాయి. రాత్రి కాపలా, వీధి దీపాలు ఆర్పించడం, తాబేలు పిల్లలు ఊరివైపు రాకుండా వల కంచె కట్టడం, ఇవన్నీ మావాళ్లు సొంత పనిలా చేస్తారు. 2024లో తాబేళ్లు మా తీరానికి గుంపుగా రాలేదు. ఆ ఏడు వాడలో ఎవరి నోట విన్నా అదే దిగులు. 2025 ఫిబ్రవరిలో ఆరు లక్షలకు పైగా వచ్చినప్పుడు మా అమ్మ ఒడ్డుకు వెళ్లి, దూరంగా నిలబడి చూసి, ఏమీ మాట్లాడకుండా తిరిగి వచ్చింది.

ఇంత తెలిసినవాడిని, విశాఖ తీరంలో నేనే ఆ తప్పు చేశాను. మీరు చెప్పినలాంటి చోటే. ఆరుగురం చందాలు వేసుకుని, ఇక్కడ వలలు వేయరాదు, లంగరు వేయరాదు అని రేకు మీద రాయించి పాతాం. పది రోజులకు బోర్డు లేదు. కోపంగా పల్లెలోకి వెళితే, వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ తండేలు (నావ నడిపించే పెద్ద) చేతిలో పని ఆపకుండా అడిగాడు: “గాలి తిరిగినప్పుడు నావ ఎక్కడ నిలపాలో కూడా ఆ బోర్డు మీద రాయవలసింది కదా, బాబూ?” నా దగ్గర జవాబు లేదు. ఆయన ఇంకో మాట అన్నాడు. ఆ రాళ్ల సందుల్లోనే చేప పిల్లలు పెరుగుతాయి, రాయి పాడైతే ముందు ఆకలితో పడుకునేది మేమే అని. ఆ రాళ్లను మాకన్నా ముందు నుంచీ కనిపెట్టుకుని ఉన్న మనిషికి మేము బోర్డు పెట్టి బుద్ధి చెప్పబోయాం.

అక్కడి నుంచి పని వేరే తీరులో సాగింది, పల్లెవారితో కూర్చుని కొన్ని మాటలు అనుకున్నాం. తెల్లవారుజామున నావలు ఒడ్డుకు వచ్చే వేళ మా బండ్లు ఆ వాలులోకి రాకూడదు, తొమ్మిది దాటాకే దిగాలి. లంగరు రాళ్ల మీద కాకుండా పక్కన ఇసుక నేల మీద వేస్తామని వాళ్లు ఒప్పుకున్నారు. రాళ్లకు చిక్కి తెగిపోయిన వలలు మేము తీసి, వల తేలడానికి కట్టే బెండ్లు, మునగడానికి కట్టే సీసపు గుళ్లు వాళ్లకు తిరిగి ఇవ్వాలి. ఎక్కడా రాసుకోలేదు, సంతకాలు లేవు. నేను అక్కడ ఉన్నన్నాళ్లూ నడిచింది. ఇలాంటి మాటలకు మంచి సమయం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు ఉండే 61 రోజుల వేట విరామం. ఇంజను బోట్లు కట్టేసి ఉంటాయి, మనుషులకు తీరిక ఉంటుంది.

తెగిన వలల గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మంచి మనసుతో ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. నైలాన్ వల కుళ్లదు. వేసినవాడు మరిచిపోయినా అది పట్టడం మానదు. ఒకసారి ఏడు మీటర్ల లోతున, రాతికి చుట్టుకున్న వలలో ఒక పీత కనిపించింది. ఆరు కాళ్లకు దారాలు బిగుసుకున్నాయి, మిగిలినవాటితో ఇంకా రాతిని పట్టుకునే ఉంది. దాని పక్కనే మరో పీత, డొల్ల మాత్రమే. బతికినదాని కాళ్లకున్న ఒక్కో దారం కత్తిరించడానికి నా గాలిలో పావువంతు అయిపోయింది. వదిలాక అది ఒక్క క్షణం కదలలేదు, తర్వాత పక్కకు జరిగి సందులోకి పోయింది. అలాంటి వల చూడగానే పట్టి లాగాలనిపిస్తుంది. లాగకండి. వలతోపాటు రాతి మీద అంటుకుని పెరిగినవన్నీ ఊడి వస్తాయి. మొండి కొసల కత్తెరతో చిన్న చిన్న ముక్కలుగా కోసి సంచిలో వేసుకోండి. పక్కన తోడు లేకుండా వల జోలికి వెళ్లవద్దు. వల మీద ఇప్పటికే జీవం గట్టిగా పెరిగిపోయి ఉంటే, విడిగా ఊగుతున్న కొసలు మాత్రం కోసి మిగతాది వదిలేయండి.

ఇక మన కాళ్ల సంగతి. ఒడ్డు నుంచి దిగే చోట మొదటి దెబ్బ తినేది మోకాలి లోతు నీటిలోని రాళ్లే. ఎవరికి తోచిన దారిలో వారు దిగితే ఆ అంచు అంతా నున్నగా అరిగిపోతుంది. ఇసుక ఎక్కువ ఉన్న ఒక్క దారి ఎంచుకుని, అందరూ అటే దిగి అటే ఎక్కండి. లోపలికి వెళ్లాక, మునగడానికని నడుముకు సీసం ఎక్కువ కట్టుకున్నవాడు కాళ్లు కిందికి వాలి ఈదుతాడు. ప్రతి తన్నుకూ మట్టి లేచి రాతి మీది జీవాల నోళ్లలో పడుతుంది. అందుకే కొత్తవారిని రాళ్ల మీదికి తీసుకువెళ్లకముందు ఇసుక నేల పైన, దేన్నీ తాకకుండా నీటిలో నిలకడగా ఉండటం వచ్చేదాకా ఆపండి. చేతి తొడుగులు వేసుకోనివ్వకండి. చేతులకు రక్షణ లేనివాడు రాతిని పట్టుకోడు. నేను చేసిన మార్పులన్నిటిలో వెంటనే ఫలితం కనిపించింది దీనికే. ఖాళీ గవ్వలు కూడా తేవద్దని చెప్పండి, సన్యాసి పీతలకు అవే ఇళ్లు. రాతి పగడాలు, విసనకర్రలా విచ్చుకునే పగడాలు, సముద్ర గుర్రాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణలో ఉన్నాయి. వాటిని తీయడం నేరమని చాలామందికి తెలియదు. ఆ మాట నెమ్మదిగా చెబితే చాలామంది వింటారు.

ఫొటోలు పెట్టండి, చోటు పేరు, మ్యాపు గుర్తు పెట్టకండి. మీరు చెప్పిన తాకిడిలో సగం అలా వచ్చిందే అయి ఉంటుందని నా అనుమానం.

ఫిర్యాదు అసలు వద్దని అనను. ఎవరైనా ఇసుక తవ్వినా, రాళ్లు పగలగొట్టినా, నీటి అంచున కట్టడం లేపినా 2019 నాటి తీర ప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ ఉంది. తేదీలు ఉన్న ఫొటోలతో కలెక్టరు కార్యాలయానికి రాయండి. కానీ ఆ కాగితం మీద ముందు పల్లెవారి సంతకాలు ఉండాలి, వాటి కింద మీవి. బరంపురం నుంచి వచ్చి వెళ్లే ఆరుగురి మాట కన్నా, ఆ నీటిని నమ్ముకుని అక్కడే బతికే అరవై ఇళ్ల మాటకు బరువు ఎక్కువ. అలా ఉండటమే న్యాయం కూడా.

చివరగా, ఒక నోటు పుస్తకం కొనండి. మేము ఒడ్డున ఉన్న టీ కొట్టులో, దారం కట్టిన పెన్నుతో సహా, మేకుకు వేలాడదీశాం. తేదీ, ఎంతమంది దిగారు, నీళ్లలో ఎంత దూరం కనిపించింది, ఏం విరిగింది, ఎంత వల తీశాం, అన్నీ అందులో రాసేవాళ్లం. మూడో నెల నుంచి మా రాతల మధ్య వేరే చేతిరాత కనిపించసాగింది. నీరు ఎటు లాగుతోంది, ఏ చేప పడింది అని రోజూ రెండు ముక్కలు. తండేలు మనవరాలు రాస్తోందని కొట్టు ఆవిడ చెప్పింది.