పామాయిల్ మానుల నుంచి రసాయనాలు: డిపాజిట్ కట్టమంటే?

ప్రశ్న: మాది ఉమ్మడి విశాఖపట్నం జిల్లా, నక్కపల్లి దగ్గర ఊరు. ఆరెకరాల పామాయిల్ తోటకు 28 ఏళ్ళు నిండాయి. చెట్లు బాగా ఎత్తెక్కి గెలలు కోయడానికి కూలీలు ఒప్పుకోవడం లేదు. తీసేసి మళ్ళీ నాటాలనుకుంటున్నాం. మానుల్లో ఖరీదైన రసాయనాలు ఉంటాయని, డిపాజిట్ కడితే పొలంలోనే మిషన్ పెట్టిస్తానని విశాఖ నుంచి ఒకాయన తిరుగుతున్నాడు. నమ్మొచ్చా?

జవాబు: రసాయనాల మాట నిజమే. మిషన్ మాట నమ్మకండి, డిపాజిట్ అసలే కట్టకండి.

పడిపోయిన మాను ఏదైనా ఉంటే అడ్డంగా కోసి చూడండి. అంచున నారలు దట్టంగా, గట్టిగా ఉంటాయి. లోపలికి వెళ్ళేకొద్దీ మెత్తబడి, మధ్య ముక్కను నొక్కితే రసం కారుతుంది. ఆ రసంలో గ్లూకోజ్, సుక్రోజ్ లాంటి చక్కెరలు, మెత్తటి భాగంలో పిండిపదార్థం ఉంటాయి. రసాన్ని పులియబెట్టి ఇథనాల్, లాక్టిక్ ఆమ్లం తీయవచ్చని మలేషియా, జపాన్ శాస్త్రవేత్తలు చూపించారు. నారలోని జైలాన్ అనే పదార్థాన్ని ఆమ్లంతో, ఒత్తిడిలో, 150 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికిస్తే ఫర్ఫురాల్ అనే ద్రవ రసాయనం వస్తుంది. ఇంజిన్ ఆయిళ్ళ శుద్ధికి, ఫౌండ్రీల్లో ఇసుక అచ్చులు గట్టిపరిచే రెసిన్లకు దీన్ని వాడతారు. నారకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్ అనే పదార్థం నుంచి వెనిల్లా వాసనిచ్చే వెనిలిన్ కూడా తీయవచ్చు.

అయితే ఇవన్నీ రియాక్టర్లు, బాయిలర్లు, వ్యర్థజలం శుద్ధిచేసే ఏర్పాటు ఉన్న ఫ్యాక్టరీలో జరగాల్సిన పనులు. ఫర్ఫురాల్ విషపదార్థం, మంట కూడా అంటుకుంటుంది. పశువుల పాక పక్కన పెట్టుకునే సరుకు కాదు. పైగా మానులో 70 నుంచి 80 శాతం నీరే. పది టన్నుల లారీ వేస్తే ఏడెనిమిది టన్నుల నీటికి కిరాయి కట్టినట్టే. రసం త్వరగా పులిసిపోతుంది కూడా. ఫర్ఫురాల్‌కు చెరకు పిప్పి, మొక్కజొన్న బెండ్లు పొడిగా, ఒకేచోట దొరుకుతుంటే పచ్చి మానులను వెతుక్కుంటూ ఎవరొస్తారు? రాతపూర్వకంగా ధర చెప్పి, నరుకుడు, రవాణా ఖర్చు తామే పెట్టుకుని కొనేవాళ్ళుంటే నిరభ్యంతరంగా అమ్మండి.

లేదంటే మానులు పొలంలోనే మీకు ఎక్కువ ఉపయోగం. వాటిలో పొటాష్ బాగా ఉంటుంది, కాల్చవద్దు. అలాగని చీల్చకుండా మొద్దులుగానే పడేసినా ముప్పే. కుళ్ళే మానులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. తెల్లటి లావు లద్దెపురుగులు అందులోనే పెరిగి, కొమ్ము పురుగులుగా మారి, రేపు మీ లేత మొక్కల మొవ్వును, పక్కవాళ్ళ కొబ్బరినీ తినేస్తాయి. అందుకే జేసీబీతో పలుచటి చెక్కలుగా చీల్చి, కుప్ప వేయకుండా వరుసల మధ్య పరచండి, త్వరగా ఆరిపోతాయి. పైన జనుమో, పిల్లిపెసరో చల్లండి. పురుగు కనిపిస్తే దాన్ని చంపే మెటారైజియం శిలీంధ్రపు పొడిని ఆ చెత్త మీద వాడాలి.

నరికే ముందు ప్రతి చెట్టు మొదలూ చూడండి. మానుకు అతుక్కుని అరలా పొడుచుకొచ్చిన గట్టి పుట్టగొడుగు కనిపిస్తే అది మొదలు కుళ్ళు తెగులు తెచ్చే గనోడెర్మా శిలీంధ్రం. ఆ చెట్టును దుంపతో సహా పెకలించి, మిగతావాటితో కలపకుండా తోట బయటికి తీసేయండి. అది ఒక్కటే కాల్చాల్సింది.

2021లో మొదలైన జాతీయ వంటనూనెల మిషన్ అనే కేంద్ర పథకంలో పాత తోటలు తీసి తిరిగి నాటడానికి మొక్కకు రూ. 250 సాయం ప్రకటించారు. ఎకరాకు 57 మొక్కలు పడతాయి. ప్రస్తుత నిబంధనలు రైతు సేవా కేంద్రంలోనో, ఉద్యాన అధికారి దగ్గరో కనుక్కుని, దరఖాస్తు పెట్టాకే గొడ్డలి వేయండి.