పెళ్లిలోపు లేజర్ చేయించుకోవచ్చా అని అడిగారు

"మైనస్ 5 సైట్, మూడు నెలల్లో పెళ్లి, లేజర్ చేయించుకుంటే కళ్లకేమన్నా అవుతుందా?" అని అడిగారు. మాది మెహదీపట్నం. ఎనిమిదేళ్ల కిందట నేను చేయించుకున్నాను, మైనస్ ఐదున్నరకి. మా చెల్లికి మాత్రం చేయడం కుదరదన్నారు. మీరు తెలుసుకోవాల్సింది చెల్లి సంగతే.

నా ఆపరేషన్ పావుగంటలో అయిపోయింది. చుక్కలు వేస్తే కన్ను మొద్దుబారుతుంది. కార్నియా అంటే నల్లగుడ్డు ముందుండే అద్దంలాంటి పొర. దాని పైపొరను తలుపులా లేపి, కింద లేజర్‌తో చెక్కి, ఆ పొరనే మళ్లీ మూసేస్తారు. కుట్లుండవు. మర్నాడు చెకప్‌కి ఆటోలో వెళ్తూ ఎక్స్‌ప్రెస్‌వే పిల్లర్ల నంబర్లు అద్దాల్లేకుండా ఒక్కోటీ చదువుకున్నాను, ఏడుపొచ్చింది. తర్వాత ఆరు నెలలు కళ్లు ఎండిపోయి ఇసుక పడ్డట్టుండేది. రాత్రి లైట్ల చుట్టూ వలయాలు ఇప్పటికీ కనిపిస్తాయి. సిటీలో హైబీమ్ వేసుకుని ఎదురొచ్చే బైకులవాళ్లని చూస్తే అందుకే ఒళ్లు మండుతుంది.

నన్ను చూసి చెల్లి కూడా బయల్దేరింది. మైనస్ 4, నాకంటే తక్కువే కదా అనుకున్నాం. గడ్డం స్టాండు మీద ఆనించి కూర్చోబెట్టారు, కంటి ముందు నీలం లైటు గిర్రున తిరిగింది. డాక్టరు గారు స్క్రీన్ మా వైపు తిప్పారు. కార్నియా మ్యాపు అంతా పచ్చగా ఉంది, ఎడమ కంటికి మాత్రం కింద ఎర్రటి మచ్చ. "ఇక్కడ పలచబడి ముందుకు ఉబుకుతోందమ్మా. కెరటోకోనస్ మొదలైంది. లేజర్‌తో ఇంకా పలచన చేస్తే ఉబ్బు పెరిగి ఉన్న చూపూ చెడుతుంది. నేను చేయను" అన్నారు. కార్నియా మొత్తం మందమే అర మిల్లీమీటరు చిల్లర. ఒక్కో పవర్‌కి సుమారు 12 నుంచి 15 మైక్రాన్లు చెక్కాలి, మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. అమ్మ "వచ్చే నెల పెళ్లివారు వస్తున్నారండీ" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

ఆ సాయంత్రం చెల్లి ఏదో హోర్డింగ్ మీది నంబరుకి ఫోన్ చేసింది. రిపోర్టు ఉందా అని కూడా అడగకుండా "నెలాఖరు వరకే ఆఫర్ మేడమ్, అడ్వాన్స్ కట్టేయండి" అన్నారు. చీరల సేల్ కాదు కదా ఇది! అద్దాలు పెట్టుకున్న అబ్బాయిలే "అమ్మాయికి సైట్ ఉందా" అని అడిగే సంబంధాలు ఉన్నన్నాళ్లూ ఇలాంటి ఆఫర్లకి గిరాకీ తగ్గదు.

చెల్లికి లేజర్ బదులు క్రాస్‌లింకింగ్ చేశారు. విటమిన్ బి2 చుక్కలు వేసి అల్ట్రావయొలెట్ కాంతి పడేలా చేస్తే కార్నియా గట్టిపడుతుంది, ఉబ్బడం ఆగింది. ఆ స్కాన్ చేయించకపోతే జబ్బున్నట్టే తెలిసేది కాదు. ఇప్పటికీ అద్దాలే, పెళ్లీ అయింది.

అందుకని మీరు ముందు కాంటాక్ట్ లెన్సులు మానేయండి, అవి కార్నియా ఆకారం మార్చేస్తాయి. ఎన్ని రోజులో డాక్టరే చెప్తారు, మాకు రెండు వారాలన్నారు. ఏడాదిగా పవర్ మారలేదని పాత చీటీలు చూపించండి. మైనస్ ఎక్కువున్నవాళ్లకి కంటిగుడ్డు సాగి ఉంటుంది, అందుకే రెటీనా, అంటే కంటి లోపల వెనకుండే తెర కూడా చూపించుకోవాలి. లేజర్‌తో అద్దాలు పోతాయి గానీ, సాగిన కంటిగుడ్డు పొడవు అలాగే ఉంటుంది, రెటీనా ముప్పు పోదు. నలభై దాటాక దగ్గరివి చదవడానికి అద్దాలు ఎలాగూ వస్తాయి, ఆ మాట మీ ఇంట్లో ఇప్పుడే చెప్పి ఉంచండి.