గూగుల్ డ్రైవ్‌లో పెట్టిన పెళ్లి ఫొటోలు: లింక్ తెరుచుకోదు, డిలీట్ చేసినా స్టోరేజ్ తగ్గదు. ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇదీ: దిల్‌సుఖ్‌నగర్‌లో ఫొటో స్టూడియో, 100 జీబీ గూగుల్ ప్లాన్, ఒక్కో పెళ్లికి 40 జీబీ దాకా ఫోల్డర్. లింక్ పంపితే పెళ్లివారిలో కొందరికి 'రిక్వెస్ట్ యాక్సెస్' అని వస్తోంది, కొందరికి సగం ఫొటోలే దిగుతున్నాయి. పాత పెళ్లిళ్లు తీసేసినా స్టోరేజ్ ఫుల్ అనే చూపిస్తోంది. ఇలాంటప్పుడు ముందు తేల్చుకోవాల్సినవి రెండు: ఆ ఫైల్ ఎవరి అకౌంట్‌ది? అవతలివాళ్లు దాన్ని ఏ అకౌంట్‌తో తెరుస్తున్నారు? సగం చిక్కు అక్కడే వీడిపోతుంది.

ముందు యాక్సెస్ సంగతి. అడ్రస్ బార్‌లోంచి లింక్ కాపీ చేసి వాట్సాప్‌లో పెడితే చిరునామా వెళ్తుంది తప్ప అనుమతి వెళ్లదు. ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి, 'షేర్'లోకి వెళ్లి, కింద 'జనరల్ యాక్సెస్' దగ్గర 'రిస్ట్రిక్టెడ్' ఉంటే 'ఎనీవన్ విత్ ద లింక్' చేయండి. పక్కన 'వ్యూయర్' మాత్రమే ఉంచండి. 'ఎడిటర్' ఇస్తే లింక్ అందిన ఎవరైనా ఫోల్డర్‌లోంచి ఫొటోలు తీసేయగలరు. పంపే ముందు అదే లింక్‌ను ఇన్‌కాగ్నిటో విండోలో (మీ లాగిన్ లేకుండా తెరుచుకునే బ్రౌజర్ విండో) తెరిచి చూడండి. మీ బ్రౌజర్‌లో మీరు లాగిన్ అయి ఉంటారు కాబట్టి మీకు ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది, అది పరీక్ష కాదు.

లింక్ అందరికీ ఇవ్వడం ఇష్టంలేక మెయిల్ ఐడీలు చేర్చి పంపితే ఇంకో తిరకాసు ఉంది. పెళ్లికూతురు ఇచ్చిన జీమెయిల్ ఒకటి, ఆమె ఫోన్‌లో డ్రైవ్ తెరుచుకునేది ఇంకో అకౌంట్‌తో. యాప్‌లో పైన కుడివైపు గుండ్రటి ఫొటో నొక్కి అకౌంట్ మార్చమనండి. మాదాపూర్, గచ్చిబౌలి ఆఫీసు ల్యాప్‌టాపుల్లో తెరిచేవాళ్లకు కంపెనీ నిబంధనలే బయటి డ్రైవ్‌ను ఆపేస్తుండొచ్చు. అలాంటివాళ్లు సొంత ఫోన్‌లో చూసుకోవాల్సిందే, మీ వైపు మార్చాల్సిందేమీ లేదు.

ఇక స్టోరేజ్. డిలీట్ చేసినవి 30 రోజులు ట్రాష్‌లో ఉంటాయి, అక్కడ ఉన్నంత కాలం మీ లెక్కలోనే ఉంటాయి. 'ఎంప్టీ ట్రాష్' చేస్తేనే జాగా వస్తుంది, అదీ మీటర్‌లో కనిపించడానికి కొంత సమయం పట్టొచ్చు. డ్రైవ్, జీమెయిల్, గూగుల్ ఫొటోస్ మూడింటికీ కలిపి ఒకటే కోటా. 2021 జూన్ 1 తర్వాత ఎక్కించిన ఫొటోలు, తక్కువ సైజువైనా సరే, ఇందులోకే వస్తాయి. ఆండ్రాయిడ్‌లో వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఈ ఖాతాలోకే వస్తోంది. కంప్యూటర్‌లో డ్రైవ్ తెరిచి ఎడమవైపు 'స్టోరేజ్' నొక్కితే ఫైళ్లు పెద్దవి ముందుగా వరుసలో కనిపిస్తాయి. పనికిరాని పాత వీడియోలు చాలావరకు మొదటి పేజీలోనే దొరుకుతాయి.

మీ దగ్గర వీడియో ఎడిటర్ తన అకౌంట్ నుంచి మీ ఫోల్డర్‌లోకి ఎక్కిస్తుంటే ఇది గమనించండి: ఫోల్డర్ మీదే అయినా ఆ ఫైల్ అతనిదే. అతని కోటా ఖర్చవుతుంది, అతను డిలీట్ చేస్తే మీకూ పోతుంది. ఓనర్‌షిప్ బదిలీ చేయొచ్చు, అయితే ఫోల్డర్‌ను బదిలీ చేస్తే లోపలి ఫైళ్లు వాటంతట అవి మారవు, వాటిని విడిగా సెలెక్ట్ చేసి ఇవ్వాలి. పెళ్లివారికీ ఇదే చెప్పండి. 'యాడ్ షార్ట్‌కట్' నొక్కి మాకు వచ్చేశాయి అనుకుంటారు, కానీ అది మీ ఫోల్డర్‌కు దారి మాత్రమే, కాపీ కాదు. మీరు తీసేసిన రోజున ఆ షార్ట్‌కట్‌తో పని ఉండదు.

సగం ఫొటోలే దిగడానికి ఎక్కువసార్లు కారణం జిప్, అంటే చాలా ఫైళ్లను ఒకటిగా కట్టిన మూట. పెద్ద ఫోల్డర్‌ను గూగుల్ అనేక జిప్ ముక్కలుగా ఇస్తుంది. ఒకేసారి ఎక్కువ ఫైళ్లు దించుకోవచ్చా అని క్రోమ్ అడిగినప్పుడు 'బ్లాక్' నొక్కితే మొదటి ముక్క ఒక్కటే వస్తుంది. ముక్కలన్నీ వచ్చాక ఒకే ఫోల్డర్‌లోకి ఎక్స్‌ట్రాక్ట్ చేయాలి, అంటే విప్పాలి. నా సలహా: హల్దీ, సంగీత్, పెళ్లి, రిసెప్షన్ అని విడివిడిగా సబ్‌ఫోల్డర్లు పెట్టి ఒక్కోటీ దించుకోమనండి, అదీ కంప్యూటర్‌లో. ఒకే వీడియోను చుట్టాలందరూ ఒకేరోజు దించుకుంటే డౌన్‌లోడ్ కోటా దాటిందని వస్తుంది. ఒక రోజు ఆగి ప్రయత్నిస్తే సాధారణంగా సరిపోతుంది.

వీడియో మసకగా ఉందని ఫోన్ వస్తే కంగారు పడకండి. ఎక్కించిన కొత్తలో బ్రౌజర్‌లో తక్కువ క్వాలిటీలో ఆడుతుంది, ప్రాసెసింగ్ అయ్యాక మెరుగవుతుంది. దించుకుంటే మాత్రం అసలు ఫైలే వస్తుంది.

అప్‌లోడ్‌కు ముందు మీ కనెక్షన్ అప్‌లోడ్ స్పీడ్ చూసుకోండి, డౌన్‌లోడ్ స్పీడ్ కాదు. 20 ఎంబీపీఎస్ ఉంటే 40 జీబీకి దాదాపు నాలుగున్నర గంటలు. ఆ మధ్యలో ట్యాబ్ మూసినా, ల్యాప్‌టాప్ స్లీప్‌లోకి వెళ్లినా ఆగిపోతుంది. కంప్యూటర్‌లో డ్రైవ్ ఫర్ డెస్క్‌టాప్ అనే గూగుల్ ప్రోగ్రామ్ వేసుకుంటే కరెంటు పోయి వచ్చినా మిగిలిన ఫైళ్లను మళ్లీ అందుకుంటుంది. కానీ అది చేసే సింక్ (కంప్యూటర్‌లో, క్లౌడ్‌లో ఒకేలా ఉంచడం) అంటే బ్యాకప్ కాదు: ఆ ఫోల్డర్‌లో కంప్యూటర్ మీద తీసేస్తే క్లౌడ్‌లోనూ పోతుంది. ఒరిజినల్స్ వేరే హార్డ్ డిస్క్‌లో ఉండి తీరాలి.

పెళ్లివారు పెన్‌డ్రైవ్ అడిగితే, అది ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన వీడియో ఎక్కదు. ఎక్స్‌ఫ్యాట్‌లోకి ఫార్మాట్ చేయండి. ఫార్మాట్‌తో అందులో ఉన్నవన్నీ పోతాయి కాబట్టి ముందే వాళ్లను అడిగి, ఖాళీ పెన్‌డ్రైవ్ తెచ్చుకోమనండి.