మోకాళ్ళ నొప్పి ఉన్న అమ్మతో సిగిరియా ఎక్కొచ్చా?

తమ్ముడూ, అనంతపురం నుంచి గుంపుగా శ్రీలంక పోతున్నామని, అరవై దాటిన అమ్మకు మోకాళ్ళ నొప్పులని, అక్కడి కొండకోట సిగిరియా ఎక్కించొచ్చా అని అడిగినావు. చివరి మెట్ల ముందర పెద్ద సింహం పంజాల ఆకారాలుంటాయి, ఆ సింహపాదాల దాకా తీసుకుపో, ఆ పైకి వద్దు. అక్కడ ఆగిపోయినా ఆమెకు చూసిన తృప్తి ఉంటుంది.

మేం ధర్మవరం, తాడిపత్రి, గుత్తి వాళ్ళం కలిసి బెంగళూరులో విమానం ఎక్కినాం. సగం మంది ఒకరికొకరు కొత్త. మా కోట ఎక్కినోళ్ళకు ఇదేం లెక్క అని గుత్తి వాళ్ళ ధీమా. మెట్లు 1,200 దాకా ఉంటాయి, కొండ చుట్టుపక్కల నేల నుంచి దాదాపు 180 మీటర్లు. అంతవరకైతే వాళ్ళ మాట సరే. కానీ గుత్తిలో ఆయాసం వస్తే ఏ బండ మీదైనా కూర్చుంటాం. సిగిరియాలో సింహపాదాలు దాటినాక కొండ గోడకు బిగించిన ఇరుకు ఇనుప మెట్లే. ముందూ జనమే, వెనకా జనమే. నువ్వు ఆగితే వెనకవాళ్ళంతా ఆగాల. ఆ మొహమాటానికే పెద్దవాళ్ళు శక్తికి మించి ఎక్కేస్తారు. ఇక దిగేటప్పుడు మోకాళ్ళ మీద పడే భారం చెప్పక్కర్లేదు.

అందుకే మేం ముందే ఒకటి అనుకున్నాం. అందరికంటే నిదానంగా నడిచే మనిషి ముందుండాల, మిగతావాళ్ళు వెనక. మీరూ అట్లే చేయండి. గేటు తెరిచే వేళకు అక్కడ ఉండండి, పొద్దెక్కితే ఎండా పెరుగుతుంది, జనమూ పెరుగుతారు.

కింద తోటల్లో మాత్రం తొందరపడొద్దు. 5వ శతాబ్దంలో కాశ్యపుడనే రాజు కట్టించిన కొలనులు, ఫౌంటెన్లు అక్కడున్నాయి. చిల్లులు పెట్టిన సున్నపురాతి పలకలు, వాటి కిందికి భూమిలో నీటి దారులు. మోటారు లేదు, పల్లంలోకి వచ్చే నీటి ఒత్తిడే పైకి చిమ్ముతుంది. మంచి వానలు పడితే ఇప్పటికీ చిమ్ముతాయంట. మా గుంపులో చెరువుల శాఖలో పనిచేసి రిటైరైన పెద్దాయన ఆ పలకల దగ్గర కూర్చుని లేవలేదు. ఆయన్ను చూసి గైడ్ చూళవంశం అనే శ్రీలంక పాత చరిత్ర గ్రంథంలోని కథ చెప్పినాడు. కాశ్యపుడు తండ్రి ధాతుసేనుణ్ణి బంధించి, నిధి యాడుందో చూపమన్నాడంట. ఆయన తాను తవ్వించిన కాలవేవ చెరువు దగ్గరికి పోయి, నా సంపదంతా ఇదే అన్నాడంట. వానకు మొగం వాచిన సీమ మనది, ఆ మాట మాకు గుండెల్లో దిగింది. కోటకంటే ఆ చెరువు గురించే దోవ పొడుగునా మాట్లాడుకున్నాం.

సగం కొండలో అప్సరసల వర్ణచిత్రాలుంటాయి. వాటి దగ్గరికి మెలికలు తిరిగే ఇనుప మెట్లు. అమ్మకు కష్టమనిపిస్తే అవి వదిలేయండి. ఫొటోలు తీయనివ్వరు. పక్కనే అద్దంగోడ, అంటే అద్దంలా మెరిసేట్టు నునుపు చేసిన గోడ. 6 నుంచి 14వ శతాబ్దం దాకా వచ్చిన యాత్రికులు దాని మీద పద్యాలు గీకినారు, పరణవితాన అనే పండితుడు 685 పద్యాలు చదివి అచ్చువేసినాడు. ఇప్పుడు చెయ్యి కూడా పెట్టకూడదు, పిల్లలుంటే చెప్పి ఉంచండి.

సింహపాదాల దగ్గర విశాలమైన అరుగు, కూర్చోవడానికి చోటుంది. అమ్మను ఒంటరిగా వదలకుండా ఒకరు తోడుండండి, మా గుంపులోనూ అట్లే చేసినాం. కందిరీగలు లేస్తాయని హెచ్చరిక బోర్డులున్నాయి, అక్కడ కేకలు, అరుపులు వద్దు. నీళ్ళ సీసాలు కిందే నింపుకోండి.

ఎదురుగా పిదురంగల కొండ ఉంది, సిగిరియా మొత్తం అక్కడినుంచే బాగా కనిపిస్తుంది. చివర్లో బండల మీద చేతులూ కాళ్ళూ వేసి పాకాల. కుర్రోళ్ళు వేరే పూట పోండి, అమ్మను మాత్రం దానికి తీసుకుపోవద్దు.